నారగుండం వాసన

మా ఊరి స్టాపు వచ్చిందని బస్సు కండక్టరు అరవాల్సిన అవసరం ఉండేది కాదు. దసరా ముందు రోజుల్లో అయితే మరీను. కిటికీకి తలానించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నారోళ్ళ ఊరొచ్చీసినాది" అనేవాడు. దిగాల్సిన మేం మాత్రం ఆ గాలిని గుండెల నిండా పీల్చి, సంచులు అందుకుని, తోసుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఊరి పేరు చీపుర్లవలస. వాసన నారగుండానిది. గోగుచేలు పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, ఊరి పడమటి పక్కనున్న ఆ గుండంలో వరసగా పేర్చి, పైన అరటి బోదెలూ మట్టిపెళ్ళలూ వేసి ముంచేసేవాళ్ళు. నీళ్ళలో మగ్గి మగ్గి కాడ మీది బెరడు వదులవుతుంది. అప్పుడు నడుంలోతు నీళ్ళలో దిగి కాడ విరిచి నార లాగాలి. అప్పటికి నీళ్ళు తారులా నల్లగా ఉంటాయి. వాసన ఎలా ఉంటుందంటే, కుళ్ళిన కోడిగుడ్డుని తడిసిన గడ్డివాములో దాచి, దాన్ని పశువుల సాలలో మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొత్తవాళ్ళకి డోకొస్తుంది. మాకు ఆకలేసేది. ఎందుకంటే ఆ వాసన వచ్చిన రోజుల్లోనే ఇంట్లో పండక్కి కొత్తబట్టల మాట వచ్చేది.

హైస్కూల్లో ఆ రోజుల్లో మా ఊరి పిల్లలందరికీ చివరి బెంచీలు. పెళ్ళిచూపులకి ఎవరూ ఆ నెలలో మా ఊరు రారు, మేం రమ్మనం. ఎంత రుద్దినా చేతులకి వదలదు. గొర్లె దాలినాయుడు గుండం నుంచి వస్తే పెళ్ళాం గుమ్మంలోనే ఆపి, చింతపండూ బూడిదా చేతిలో పెట్టి, తోముకుని రమ్మనేది. తోముకున్నాక కూడా ఆ చెయ్యి ఆ చెయ్యే. కూతురు మాత్రం ఆ అరచేతిని చెంప కింద పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు.

ఆ కూతురే మా తవిటమ్మ. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈ పిల్లని పురిట్లోనే మంత్రసానికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. అందుకని ఆ పేరు. తను బళ్ళో చదువుతుండగానే దాలినాయుడు పాము కరిచి పోయాడు. ఆ తర్వాత పిల్లని చదివించింది చిన్నాన్న పోలినాయుడు. అన్న దిగిన గుండంలోనే తనూ దిగి, అన్న పేనిన పలుపులే తనూ పేని, ఆ పిల్లని యూనివర్సిటీ దాకా పంపించాడు.

యూనివర్సిటీలో తవిటమ్మ చేసిన పని వాసనల మీద. గాలిలో ఏ రసాయనం ఎంతుందో చెప్పే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. అది మనిషికి కంపుగా తగులుతుందో కమ్మగా తగులుతుందో మాత్రం వాటికి తెలియదు. అందుకని తను వెంట్రుకంత సన్నని తీగని తన ముక్కులో బాగా పైకి, వాసన తెలిసే నరం దాకా పంపించుకుంది. రెండో కొస యంత్రంలో ఉంటుంది. తను పీలుస్తుంటే నరం మెదడుకి ఏం చెబుతోందో యంత్రం పక్కనుంచి వింటుంది, విన్నది నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని తనలోని బుడ్డీల్లోంచి కలిపి, గాజుగొట్టంలోకి పట్టి తిరిగి ఇవ్వగలదు కూడా. దానికి 'నాసిక' అని పేరు పెట్టింది.

మొదటి పాఠం చెప్పడానికి తను దాన్ని ఎక్కడికో తీసుకుపోలేదు. నార తీసే రోజుల్లో మా ఊరికే తెచ్చింది. గుండం గట్టుమీద ముక్కులోంచి తీగ వేలాడేసుకుని కూర్చున్న పిల్లని చూడ్డానికి ఊరంతా వచ్చాం. నడుంలోతు నీళ్ళలోంచి పోలినాయుడు తలెత్తి చూసి, "ఇదేటే తవిటీ, ఎద్దుకేసినట్టు నీకు ముక్కుతాడు ఏసీసినారు? ఇంతోటి దానికి అంత సదువెందుకే, నాను ఇక్కడే ఏసీసేవాణ్ణి కదా" అన్నాడు. గట్టుమీద నవ్వులే నవ్వులు. ఆ రోజు పట్టిన గాజుగొట్టం మీద తవిటమ్మ ఒకటో నంబరు వేసింది.

*

పర్యావరణ నియంత్రణ మండలి మా ఉత్తర జిల్లాలకి విడిగా ఏర్పడినప్పుడు నాసికని ఆ మండలి తీసుకుంది. ఊరికో ఇనప స్తంభం, దాని కొసన కొబ్బరికాయంత పెట్టె. మేం ముక్కుస్తంభం అనేవాళ్ళం. గాలి హద్దు దాటితే స్తంభమే నోటీసు పంపుతుంది, జవాబు రాకపోతే సీలు పడుతుంది. మధ్యలో ఏ పెద్దమనిషి ఫోనూ పనిచేయదు. మొదటి ఏడే మా గెడ్డ వాగులో ఏదో ఆమ్లం ఒంపుతున్న లారీని మా స్తంభం పట్టించింది. దొంగ సరుకు ఒంపడానికి వచ్చినవాడు ముక్కు దగ్గర దొరికిపోయాడని మేం చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ ముక్కు మన తవిటమ్మదే కదా అని ఆడవాళ్ళు స్తంభానికి పసుపు కూడా రాశారు.

మండలి అధ్యక్షురాలు ఇందుమతి గారు జడ్జీగా రిటైరైన మనిషి. మాట తక్కువ. నిబంధనలు రాసేటప్పుడు తవిటమ్మ ఆవిడతో కూర్చుని ఒక మాట పట్టుబట్టి పెట్టించింది. మండలి పుట్టకముందు నుంచీ ఒక నేల మీద ఉన్న వాసన, ఏడాదిలో కొంతకాలమే వచ్చేది, ప్రాణహాని లేనిది అయితే దాన్ని నేరంగా చూడకూడదని. ఇందుమతి గారు ఒప్పుకుని, దానికింద తన మాట చేర్చారు. పాత వాసనా ఇప్పటి వాసనా ఒకటేనని బహిరంగ విచారణలో తేలాలి. ఆ మాట లైసెన్సున్న ముక్కు చెప్పాలి, లేదా ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. "యంత్రం తన మాటకి తనే సాక్షి కాకూడదు తవిటమ్మా. పక్కన మనిషి ఉండాలి" అన్నారట.

లైసెన్సున్న ముక్కు మా మండలికి ఒక్కటే. తవిటమ్మది.

స్తంభాలకి కొత్త వాసనలు నేర్పుతూ పోవాలి కదా. రోజూ తీగ పెట్టుకునేది. మొదట పోయింది సంపెంగ. పూలమ్మే ఆవిడ ఎవరికో చెబుతుంటే గానీ బుట్టలో ఉన్నది సంపెంగ అని తెలియలేదు. తర్వాత కరివేపాకు తాలింపు. తర్వాత గ్యాసు. పొయ్యి ఆరిపోయి వంటిల్లంతా నిండినా తెలియక, పక్కింటావిడ తలుపులు బాదితే బయటపడింది. యంత్రం ఏది బాగా నేర్చుకుందో, నరం అక్కడ అరిగిపోయింది. విశాఖపట్నంలో డాక్టరు చూసి, తీగ మానెయ్యమన్నాడు, పోయింది తిరిగి రాదన్నాడు.

తీగ మానేసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. ధ్రువీకరణ పనులొస్తే జలుబని చెప్పి గొట్టాలని రాజధాని ఆఫీసు ముక్కులకి పంపించేసేది. లాబ్ అసిస్టెంటు సుందరం, "మేడమ్, మీ జలుబుకి మన మండలే నోటీసివ్వాలి" అని హాస్యమాడేవాడు.

రెండేళ్ళుగా నార తీసే రోజుల్లో ఊరికి రావడం మానేసింది. పని ఎక్కువైందనేది. అసలు సంగతి భయం. మొదటి పాఠం కదా, ఆనాడు తీగ పెట్టుకున్నది కాసేపే కదా, ఆ ఒక్క వాసన మిగిలి ఉంటుందేమో. వెళ్ళి పీలిస్తే తేలిపోతుంది. తేలకుండా ఉంటేనే బాగుందనిపించేదట. ఇవన్నీ తర్వాత తనే మాకు చెప్పింది.

*

పోయినేడు ముక్కుస్తంభం పోలినాయుడికి నోటీసిచ్చింది.

అప్పటికి గోగు వేసేవాడు ఊళ్ళో ఆయనొక్కడే. నైలాను తాళ్ళొచ్చాక మిగతావాళ్ళు మొక్కజొన్నకి మళ్ళిపోయారు. గుండం అవతల కొండవాలున హిల్‌వ్యూ కాలనీ లేచింది. ఆ కాలనీ కార్యదర్శి భానుమూర్తి ఫిర్యాదు పెట్టాడు. నార త్వరగా కుళ్ళడానికి పోలినాయుడు ఏదో మందు కలుపుతున్నాడని, ఒకప్పుడు ఇంత కంపు ఉండేది కాదని, దీన్ని పాత అలవాటు కింద వదిలెయ్యడానికి వీల్లేదని రాశాడు. ఫిర్యాదు వెళ్ళాక స్తంభం గుండం గాలిని గొట్టంలోకి పట్టింది, హద్దు దాటిందంది, గుండానికి సీలు పడింది.

మా ఊరివాళ్ళు చేసిన పని ఇంకా బాగుంది. స్తంభానికి కోపం వచ్చిందని, మంచి వాసన చూపిస్తే చల్లబడుతుందని, ఆడవాళ్ళంతా కలిసి దాని కింద బుట్టెడు సాంబ్రాణి పొగ వేశారు. పొగ హద్దు దాటిందని మర్నాడు ఊరి మొత్తానికి ఇంకో నోటీసు వచ్చింది.

ఈ ఏడు శ్రావణమాసంలో పోలినాయుడు తవిటమ్మ ఆఫీసుకి వెళ్ళాడు. చేలో గోగు మనిషెత్తు నిలబడి ఉంది. తోడు నేను వెళ్ళాను.

"ఏటే తవిటీ, నీ ముక్కు ఊళ్ళో దొంగలందర్నీ వదిలీసి నా మీదే పడినాదేటి?" అన్నాడు కుర్చీ అంచున కూర్చుంటూ.

"అది నిన్ను ఎరగదు చిన్నాన్నా."

"ఎరగదా! గట్టుమీద కూకోబెట్టి నన్నే సూపించినావు కదే దానికి మొట్టమొదట. సదువు సెప్పించినోణ్ణి మరిసిపోడం మన ఇంటా వంటా నేదు గదా, అదెవల్ని సూసి నేర్సుకున్నాది?"

తవిటమ్మ నవ్వింది. ఆయన సంచిలోంచి గోగాకు కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "లేత సిగుళ్ళు. వాసన సూడు, ముదరనేదు."

తను కట్టని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాస్త ఎక్కువసేపే పెట్టుకుంది. "బాగుంది చిన్నాన్నా" అంది.

పోలినాయుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నానేటీ మందు కలపనేదు. నీకు తెల్సు. ఇసారణలో అదే సెప్పు, సాలు. పూత దాటిపోతే కాడ కట్టెయిపోద్ది, పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఈ ఏడు పంట పోతే మళ్ళా ఏడు నాను ఏస్తానా? ఆ గుండం ఎండిపోతే కాలనీవోళ్ళు రోడ్డేసీసుకుంతారు. మీ బాబు దిగిన గుండం అది."

ఆయన వెళ్ళాక సుందరం వచ్చి, గుండం కేసు గొట్టాలు కూడా రాజధానికే పంపించమంటారా అని అడిగాడు. తవిటమ్మకి తెలుసు. రాజధాని ముక్కులకి నారగుండం ఒక కంపు, అంతే. నిజాయితీగానే పీలుస్తారు, నెలల తరబడి పీలుస్తారు. ఈలోగా చేను కట్టెలైపోతుంది. అంతకంటే లోపల ఇంకోటుంది. ఆ ఒకటో నంబరు గొట్టం తెరిచినప్పుడు తను అక్కడ ఉండాలి. తన ముక్కుతోనే చూడాలి.

"వద్దు. నేనే చూస్తాను" అంది.

*

విచారణ మండల కేంద్రంలో కళ్యాణమండపంలో పెట్టారు. ఒక పక్క మా ఊరు, ఒక పక్క కాలనీ. మధ్యలో దారి వదిలారు గనక అచ్చం పెళ్ళిలాగే ఉంది. ఇందుమతి గారూ మరో ఇద్దరు మండలి సభ్యులూ పీటలుండే వేదిక మీద కూర్చున్నారు.

భానుమూర్తి చెడ్డమనిషేం కాదు. లేచి చేతులు కట్టుకుని చెప్పాడు. "పోయినేడు మా కోడలికి నెలలండీ. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ గాలి వచ్చేది, పరుగెత్తుకెళ్ళి కక్కుకునేది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టాడు. ఈయన పొట్టకొట్టాలని నాకేం లేదు. పాతకాలపు పద్ధతిలో చేసుకుంటే ఎవరు కాదన్నారు? ఇది మందు కలిపిన కంపు."

"సేసింది పాత పద్ధతే బాబూ. కొత్తది నాకు సేతకాదు" అన్నాడు పోలినాయుడు.

భానుమూర్తి ఇంకో మాట కూడా అన్నాడు. సాక్షి, ప్రతివాదికి అన్న కూతురు. ఇదెక్కడి న్యాయం?

ఇందుమతి గారు తలూపారు. "ఆ సంగతి ఆమే ముందుగా మాకు రాసి ఇచ్చింది. అందుకే గొట్టాలు గదిలో కాదు, మీ అందరి ముందూ తెరుస్తున్నాం. రెండున్నాయి. ఒకటి చాలాకాలం కిందట పట్టింది, రెండోది పోయినేడు స్తంభం పట్టింది. రెండూ ఒకటేనా కాదా అన్నదే ప్రశ్న. ముక్కు అందరికీ ఉంది. ఆమె తప్పు చెబితే మీరే లేచి అడగండి."

ఫ్యాన్లు ఆపారు. తలుపులు మూశారు. సుందరం పెట్టెలోంచి ఒక గొట్టం తీసి మెడ విరిచాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వచ్చింది.

వేదిక మీద ఇద్దరు సభ్యులు జేబురుమాళ్ళు తీశారు. కాలనీ వైపు కుర్చీలు గరగరలాడాయి, ఎవరో 'అబ్బా' అన్నారు. భానుమూర్తి కిటికీ దగ్గరికి పరుగెత్తి తల బయట పెట్టాడు.

మా వైపు ఎవరూ కదలలేదు. ఆడవాళ్ళు కొంగులు తీసుకున్నారు గానీ ముక్కుకి కాదు, కళ్ళకి. నాకైతే మా అమ్మ కనిపించింది. గుండం గట్టున గోగుపుల్లలు ఎండబెడుతూ, నోట్లో చుట్ట అడ్డంగా పెట్టుకుని, నా మీద కేకలేస్తూ. నా పక్కనున్న పోలినాయుడు తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నిలబడి, వంగి, పంచె మోకాళ్ళ పైకి ఎగదోపుకున్నాడు, నీళ్ళలో దిగేవాడిలాగా. నల్లని టైల్సు మీద ఒక అడుగు కూడా ముందుకు వేశాడు.

తవిటమ్మ కళ్ళు మూసుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. గాలి చల్లగా లోపలికి వెళ్ళడం తెలుస్తోంది, అంతే. దాంట్లో ఏమీ లేదు. నాన్న లేడు, గుండం లేదు. మూడోసారి పీల్చి కళ్ళు తెరిచింది.

సుందరం ఆమె ముఖం చూసి విషయం గ్రహించినట్టున్నాడు. వంగి గుసగుసగా అన్నాడు. "చెప్పెయ్యండి మేడమ్. అందరి ముఖాలూ చూస్తున్నారుగా. ఒకటే అని తెలుస్తూనే ఉంది. రెండోదీ తెరిచేస్తాను, సరిపోయిందనండి. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. ఆ ఒక్క మాటతో చేను నిలబడుతుంది, గుండం నిలబడుతుంది. పంచె ఎగదోపుకున్న చిన్నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అమ్మా" అంది తవిటమ్మ ఇందుమతి గారి వైపు తిరిగి. "నాకు వాసన రావడం లేదు."

"జలుబా?"

"కాదండి. పోయింది. ఒక్కొక్కటే పోతూ వచ్చింది. ఇదొక్కటీ మిగిలి ఉంటుందనుకున్నాను. తీగ వల్లే. యంత్రానికి ఇచ్చిందల్లా నాకు లేకుండా పోయింది."

ఇందుమతి గారు కలం మూత పెట్టారు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నాసికని ఆపేస్తారని."

"ఆపాలి కదా మరి." ఆవిడ గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "ఏ ఫ్యాక్టరీలోనైనా పనివాడికి ఇలా జరిగితే నీ స్తంభం ఊరుకునేదా, మేం ఊరుకునేవాళ్ళమా? మన గదిలో జరిగితే మనకి కనబడలేదు." ఆవిడ సభవైపు తిరిగారు. "లైసెన్సున్న ముక్కు చెప్పలేకపోయింది. నిబంధన ప్రకారం ఈ విచారణ వాయిదా వెయ్యాలి. గొట్టాలు రాజధానికి పంపిస్తాం. అంతదాకా సీలు అలాగే ఉంటుంది."

మా వైపు నుంచి ఒక మూలుగు లేచింది. పోలినాయుడు కూర్చుండిపోయాడు.

అప్పుడు కిటికీ దగ్గర్నుంచి భానుమూర్తి అరిచాడు. "వాయిదా ఏవిటండీ! మళ్ళీ ఇంకోసారి రమ్మంటారా, ఇంకోసారి ఈ నరకం పీల్చమంటారా? ఇక రెండోది తెరవక్కర్లేదు, వాళ్ళకీ వీళ్ళకీ పంపక్కర్లేదు. పోయినేటి కంపు ఇదే. రోజూ పీల్చిన మాకు తెలీదా? అచ్చం ఇదే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దీన్ని పట్టుకుని ఇప్పుడే తీర్పు చెప్పెయ్యండి!"

ఇందుమతి గారు కలం మూత మళ్ళీ తీశారు. "ఇదేనా? జాగ్రత్తగా చెప్పండి."

"ఇదేనండీ. వెంట్రుకవాసి తేడా లేదు."

"సుందరం, నువ్వు విరిచిన గొట్టం మీద నంబరు చదువు."

సుందరం గాజుముక్కని వెలుగులో పెట్టి చూశాడు. "ఒకటి అండీ."

"భానుమూర్తి గారూ, అది మీ కాలనీకి పునాది తియ్యకముందు పట్టింది."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది మా ఊరి ముసలమ్మలకి. ఒకావిడ, "ఒలమ్మో, ఈ బాబు ముక్కు మన తవిటి ముక్కు కన్నా మంచిది" అంది. హాలు రెండు వైపులా ఘొల్లుమంది. భానుమూర్తి ఎర్రబడిపోయాడు. కాలనీవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని, పొరపాటున అన్నానని చెప్పమని గొణిగారు. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

"అన్న మాట అన్నట్టే. ఇదే వాసన. మందు సంగతి నేను తప్పు అనుకున్నాను" అని కుర్చీలో కూర్చున్నాడు. "కానీ భరించలేనిది మాత్రం నిజమండీ."

"అదీ రాసుకుంటున్నాను" అన్నారు ఇందుమతి గారు.

ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టు నమోదైంది. సీలు తీసెయ్యమన్నారు. గుండం నీళ్ళు గెడ్డలోకి వదలకూడదన్నారు. నార తీసేముందు కాలనీకి కబురు పెట్టాలని, పసిపిల్లలూ గర్భిణులూ ఉన్న ఇళ్ళ వైపు గాలి తిరిగిన రోజున కట్ట విప్పకూడదని అన్నారు. చీపుర్లవలస స్తంభానికి ఆ వాసన ఊరిదని నేర్పమన్నారు. చివరి ఉత్తర్వు మండలి తనమీద తనే వేసుకుంది. ఇక మీదట ఏ మనిషి ముక్కులోనూ తీగ పెట్టరాదు. నాసికలు నేర్చుకున్నంత వరకే పనిచేస్తాయి, కొత్త పాఠం ఉండదు.

తవిటమ్మ తన లైసెన్సు బల్ల మీద పెట్టి వేదిక దిగింది.

*

దసరాకి వారం ముందు తను ఊరికొచ్చింది. బస్సులో జనం ఒక్కొక్కరే లేచి ముక్కులు మూసుకుంటుంటే చూస్తూ కూర్చుంది. కండక్టరు, "నారోళ్ళ ఊరమ్మా, దిగరా?" అంటే లేచింది.

గుండంలో పోలినాయుడు ఒక్కడే ఉన్నాడు. నేను గట్టున తడినార దండెం మీద వేస్తున్నాను. తను చెప్పులు విప్పి గట్టుమీద నిలబడింది.

"గోగాకు సూడమని ఇచ్చినప్పుడే అనుకున్నానే" అన్నాడాయన తలెత్తకుండా. "ముక్కుకి ఆనించీసి పిల్లిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు. వాసన తెల్సినోళ్ళు అంతసేపు పట్టుకోరు."

"ఎందుకడగలేదు చిన్నాన్నా?"

"అడిగితే ఏడుస్తావు. ఆఫీసులో ఏడిస్తే బావుంతాదేటి? దిగు."

చీర ఎగదోపుకుని దిగింది. పైన నీళ్ళు ఎండకి వెచ్చగా, కింద చల్లగా, అడుగున బురద వేళ్ళ సందుల్లోంచి మెత్తగా పైకి వస్తోంది. ఆయన ఒక కాడ తీసి చేతిలో పెట్టాడు. తను దాన్ని మోకాలికి ఆనించింది. ఎప్పుడు నేర్చుకుందో, చిన్నప్పుడు చూసిందే కదా, చేతులు మరిచిపోలేదు. టక్కున విరిచి లాగింది. నార మొత్తం జిడ్డుగా, బరువుగా, ఒక్క లాగుడుకే జారి మోచేతి దాకా చుట్టుకుంది. తెల్లని పుల్ల నీళ్ళమీద తేలింది.

తను ఆ చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎలా ఉంది చిన్నాన్నా? చెప్పవా, ఎలా ఉంది వాసన?"

పోలినాయుడు ఇంకో కాడ విరవబోతూ ఆగాడు. గాలి పీల్చాడు. ఎలా చెప్పాలో ఆలోచించాడు. గుడ్డని, గడ్డివామని, సాలని చెప్పొచ్చు. అవేవీ చెప్పలేదు.

"మీ బాబు పని సాలించీసి, కట్ట బుజానేసుకుని, నా ఎనకాతల నిలబడ్డట్టుందే" అన్నాడు.

తను వెనక్కి తిరిగి చూసింది. నేను కూడా చూశాను.

పొద్దు వాలేదాకా ఇద్దరూ నార లాగారు. వెళ్ళేటప్పుడు పోలినాయుడి పెళ్ళాం చింతపండూ బూడిదా తెచ్చి ఇస్తే, తవిటమ్మ వద్దంది. బట్టలు మార్చుకుంది గానీ చేతులు తోముకోలేదు. నేను బస్సెక్కించడానికి వెళ్ళి, నాకూ పట్నంలో పని ఉంటే తనతోనే ఎక్కాను. తను నా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

బస్సు మా ఊరు దాటింది, గెడ్డ మీద వంతెన దాటింది, రైలుగేటు కూడా దాటింది. తవిటమ్మ పక్కన తలవాల్చి నిద్రపోతున్న పెద్దాయన ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. కిటికీలోంచి బయటికి తొంగిచూసి, తికమకపడి, "అదేటి, నారోళ్ళ ఊరు ఇంకా దాటనేదా?" అన్నాడు.

తవిటమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఆ అరచేతిని నెమ్మదిగా చెంప కింద పెట్టుకుని, కిటికీకి తలానించి కళ్ళు మూసుకుంది.